మీకు తెలుసా? 12 పొరల శ్మశానం

ప్రాగ్ నగరంలోని పాత యూదుల శ్మశానంలో కొన్నిచోట్ల సమాధులు 12 పొరల దాకా ఉన్నాయి! పాతవాటిని కదపడం యూదుల ఆచారానికి విరుద్ధం, కొత్త జాగా దొరకదు. దాంతో పైన మట్టి పోసి మళ్లీ పూడ్చేవారు, కింది రాళ్లను పైకి తెచ్చి నిలబెట్టేవారు. సుమారు 12,000 రాళ్లు అలా ఇరుక్కుని, ఒరిగిపోయి కనిపించేది అందుకే. అన్నిటికన్నా పాతది 1439 నాటిది. ఖననాలు 1787లో ఆగాయి.

రాతిపై రెండు అరచేతులుంటే అర్చక వంశం, కూజా ఉంటే ఆలయ సేవకులైన లేవీల వంశం. 1609లో చనిపోయిన యూదు మతగురువు రబ్బీ లోవ్ సమాధి మీద సందర్శకులు కోరికల చీటీలు పెట్టి గులకరాళ్లు ఉంచుతారు. మట్టిబొమ్మ గోలెంకు ప్రాణం పోశాడని కథల్లో చెప్పేది ఈయన గురించే మరి!

దగ్గర్లోనే యూదుల టౌన్‌హాల్. దాని హీబ్రూ అంకెల గడియారంలో ముళ్లు వెనక్కి తిరుగుతాయి.