కోర్టునకు పూత వేయుటకు ముందు

కోర్టు పాడైనదనగానే క్రొత్త రంగు వేయింపవలెనను మాట మొదట వినబడును. ఆకుపచ్చ పూత, దానిపై తెల్లని గీతలు కంటికి ఇంపుగానే యుండును. కాని ఆరుబయటి కోర్టును ఆటగాండ్ర పాదములకంటె నీరే ఎక్కువగా చెరచును. నీటికి దారి చూపక పూతకై వెచ్చించు ధనము వృథాయని మా అభిప్రాయము.

ముందు మట్టి కోర్టు సంగతి చూతము. వాలీబాల్, కబడ్డీ, బాల్ బాడ్మింటన్ పెక్కు కళాశాలలలో నేటికిని నేలమీదనే ఆడుచున్నారు. రేగడి నేల ఇందులకు పనికిరాదు. వానకు ఉబ్బును, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. ఆ మట్టిని త్రవ్వితీసి, మొరము పోసి, నీరు చల్లుచు పొరలుపొరలుగా రోలరుతో అణచవలెను. ఒకేసారి మందముగా పోసినచో పైభాగము గట్టిపడి అడుగు గుల్లగా మిగులును. పేడతో అలుకుట మన ముంగిళ్ళ విద్యయే; హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా తాను బాల్యమున అట్టి పేడ కోర్టులపై ఆడితినని చెప్పియున్నారు. పారిస్‌లో 1928లో వెలసిన రోలాండ్ గారోస్ కోర్టులలో సైతము పైకి కనబడు ఎఱ్ఱని ఇటుకపొడి ఒకటి రెండు మిల్లీమీటర్లే. దానిక్రింద సున్నపురాతి పొర, బొగ్గుచిట్టెము, కంకర, పెద్దరాళ్ళు వరుసగా నున్నవి. ఆ కోర్టుల ఖ్యాతి యంతయు ఆ అడుగుపొరలమీద నిలిచియున్నది.

సిమెంటు కోర్టునకు వాలు ప్రాణము. నూరడుగులకు ఒక అడుగు చొప్పున, ఒకే దిక్కునకు, ప్రక్కనుండి ప్రక్కకు వాలు ఉండవలెను. నడుమ ఎత్తుచేసి ఇరువైపులకు వాలు పెట్టు మేస్త్రీలు కలరు. అది రోడ్డునకు తగిన పద్ధతి. పరీక్ష సులభము. కోర్టునంతయు తడిపి, ఎండలో ఒక గంట ఆగి చూడవలెను. నాణెము మునుగునంత నీరు ఎచ్చట నిలిచియుండునో, అచ్చట సుద్దముక్కతో చుట్టు గీసి, ఆ పల్లమును ముందుగా పూడ్పింపవలెను.

పగులు లోపలి కదలికకు గుర్తు. దానిని శుభ్రపరచి, సాగెడు పదార్థముతో నింపుదురు. అయినను కారణము చెట్టువేరైనచో అదేచోట మరల విచ్చును. కావున కోర్టు చేరువ చెట్లు నాటరాదు. నీడ కోరు ప్రేక్షకులు మమ్ము క్షమింతురు గాక!

ఇవన్నియు ముగిసిన పిమ్మటనే యాక్రిలిక్ పూత. క్రొత్త కాంక్రీటుపై నైనచో కనీసము 28 దినములు ఆగవలెను. క్రింద తేమ యున్నచో పూత బొబ్బలెక్కి ఊడును. మన ప్రాంతమున వానలు వెలిసిన తరువాతి పొడిదినములే ఇందులకు తగినవి. పూతలో కలుపు సన్నని ఇసుకయే పాదమునకు పట్టు నిచ్చును. ఇసుక చాలని కోర్టు తడిసినప్పుడు జారును. అచ్చట పడి చీలమండ బెణికిన విద్యార్థికి ఆ యేటి పోటీలు దక్కవు. చౌక టెండరులో మొదట తగ్గునవి ఇసుకయు, పూతల సంఖ్యయునే. వాటిని ఒప్పందపత్రమున స్పష్టముగా వ్రాయించుకొనవలెనని కమిటీవారికి మా మనవి.

చక్కగా వేసిన పూత సాధారణముగా నాలుగు మొదలు ఎనిమిది ఏండ్లు మన్నును, మనము మన్ననిచ్చినచో. వార్షికోత్సవమునకు కోర్టులో షామియానా గుంజలు పాతుట, ఇనుప కుర్చీలు ఈడ్చుట, మోటారు సైకిళ్ళు నిలుపుట మనకు అలవాటు. ఈ యేడు సభ మైదానము ఆవలి ప్రక్కన జరుపవచ్చును. తొలకరికి ముందు కాలువలోని ఆకులు తీయించుటకు ఇద్దరు మనుషులు, ఒక పూట చాలును.