రెండు రాత్రులు, రెండు వాద్యములు

గత మాఘమాసమున మా గ్రామదేవాలయపు కల్యాణోత్సవములలో వరుసగా రెండు రాత్రులు రెండు వాద్యకచేరీలు వినుట నాకు తటస్థించెను. మొదటి రాత్రి నాదస్వరము, రెండవ రాత్రి వీణ. రెండింటను ప్రధానవాద్యమును ఒక్కరే వాయించిరి. తాళమునకు మొదటి రాత్రి డోలును, రెండవ రాత్రి మృదంగమును తోడయ్యెను. ఈ రెండవ కచేరీలో నావలన ఒక పొరపాటు జరిగినది. దానిని దాచక చెప్పి, అది ఏల జరిగెనో వివరించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

నాదస్వరము మనకు క్రొత్తది కాదు. తాళి కట్టునపుడును, స్వామి వీథికి వేంచేయునపుడును అది మ్రోగనిదే మనకు తృప్తి లేదు. కాని నిజము చెప్పవలెనన్న, పెండ్లిపందిరిలో మనము దానిని వినుట లేదు. అది మ్రోగుచుండగా మనము బంధువుల క్షేమములు విచారించుకొనుచుందుము. రెండుగంటలు కదలక కూర్చుండి దానినే వినుట వేఱు. వాద్యమును చూడబోయిన ఇంచుమించు మూడడుగుల కొయ్యగొట్టము. పైన సన్నమై, క్రిందికి పోనుపోను వెడల్పగును. పైకొనను గడ్డితో చేసిన పీక యుండును. వ్రేళ్లతో మూయుటకు ఏడు రంధ్రములు కలవు. వాని క్రింద మఱికొన్ని రంధ్రములున్నను అవి వాయించుటకు కావు. శ్రుతి కుదుర్చుకొనుటకై వానిని మైనముతో మూయుదురు. ఇందు మెట్లు లేవు, తీగలు లేవు. ఏ స్వరము ఎంత యెత్తున నిలువవలెనో పెదవుల బిగువును, ఊపిరియు, రంధ్రమును సగము మూసిన వ్రేలును కలిసి నిర్ణయింపవలెను.

ఆ రాత్రి విద్వాంసుడు తోడిరాగమును ఆలపించెను. ధ్వజస్తంభముకడ కూర్చున్న ముసలమ్మలకును, వీథిమలుపున బండి ఆపుకొని నిలిచినవానికిని అది సమానముగ వినబడెను. నాదస్వరమునందు ఊపిరి యున్నంతవఱకు స్వరము నిలుచును, సడలదు. ఆయన తారషడ్జమును పట్టి నిలిపినపుడు గుడిగోపురముమీది పావురములు లేచి, చుట్టి, మరల వ్రాలినవి. స్వరము అప్పటికిని అట్లే యుండెను. డోలువాయించువాడు ఎడమవైపున పుల్లతోను, కుడివైపున వ్రేళ్లకు తొడిగిన గట్టి కప్పులతోను వాయించుచుండగా, నేను వానికి రెండుమూడు బారల దూరమున కూర్చుండి తల యూపుచుంటిని. నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు ఈ వాద్యముతోనే శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీతకళానిధి బిరుదము నందిరి. మన దేవాలయములలో ముసల్మాను విద్వాంసులు స్వామిని మేల్కొల్పుట మనకు ఎన్నడును వింతగ తోచలేదు, తోచకుండుటయే గొప్ప.

మఱునాటి రాత్రి వీణ. కచేరీ కల్యాణమండపములో. ఒక విదుషీమణి పట్టణమునుండి వచ్చెను. ఆమె మీటుచున్నది, వ్రేళ్లు కదలుచున్నవి, నాకు మాత్రము ఏమియు అందుట లేదు. మైకు పెట్టియుండిరి గాని అది గోటి తాకిడిని, తీగ గీతను పెద్దవి చేసి చూపెను. నాదము అందులో చిక్కలేదు. ఇరువది నిమిషములు ఓర్చితిని. పిమ్మట లేచితిని.

మా యూరిలో నాకొక చిక్కు కలదు. ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండుటచే ఇప్పటి గృహస్థులలో సగముమంది నా శిష్యులు. పంతులుగారే లేచిన తాము లేవవచ్చునని వారికి తోచెను. నేను గుమ్మము దాటి వెనుకకు చూచునప్పటికి నా వెంట ముప్పదిమంది వచ్చుచుండిరి. వారికేమి చెప్పుటకును నాకు నోరు రాలేదు. వారు ఇండ్లకు పోయిరి. నేను మండపము వెనుక కిటికీ క్రింది అరుగుమీద కూలబడితిని.

అచ్చట మైకు చప్పుడు లేదు. కొంతసేపటికి కిటికీలోనుండి వీణ నేరుగా వినవచ్చెను. ఆమెయు తోడినే ఎత్తుకొనెను. వీణలో తీగను మీటినంతనే పుట్టిన నాదము పుట్టిన క్షణమునుండియు క్షీణించును. నాదస్వరమువలె ఊపిరి పోసి నిలుపుటకు వీలు లేదు. మెట్లు ఇరువదినాలుగును మైనములో కుదురుకొని కదలకుండును. కావున మెట్టునకు మెట్టునకు నడుమనున్న స్వరమును తీగను ప్రక్కకు లాగియే రాబట్టవలెను, అదియు నాదము చచ్చిపోకముందే. ఆమె రిషభపు మెట్టుమీద వ్రేలుంచి, ఒక్కమారు మీటి, తీగను లాగి గాంధారమును ఊగించెను. మరల మీటలేదు. గాంధారము మూడుమారులు ఊగెను. మూడవది నిజముగ వినబడినదో, నా మనస్సే పూరించుకొన్నదో నేటికిని చెప్పజాలను.

ముందటి రాత్రి అదే గాంధారము నన్ను వెదకుకొని వచ్చినది. ఈ రాత్రి నేను దానిని వెదకుకొని పోవలసి వచ్చినది. నేను లోపల కూర్చున్నపుడు అది కూడ తనంత తాను వచ్చునని ఎదురుచూచితిని. డోలుప్రక్కన రెండుగంటలు కూర్చున్న చెవి మఱునాటివఱకును మందముగ నుండుట వైద్యులెఱిగినదే. కాని నేరమంతయు చెవిపై మోపుట న్యాయము కాదు. ఎండలోనుండి నట్టింటిలోనికి వచ్చినవాడు కొంతసేపు నిలువనిదే కడవ యెచ్చటనున్నదో కనలేడు. నేను నిలువలేదు.

మఱియొక కారణము కూడ కలదు. ద్రాక్షారామమున పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణను, వారి శిష్యులు చిట్టిబాబుగారి వీణను నేను చిన్ననాట రేడియోలోనే వింటిని. రేడియో వీణను శ్రోత చెవిప్రక్కకు తెచ్చును. కావలసిన గట్టిదనమునకు మీట త్రిప్పుకొనవచ్చును. అందుచే వీణ మెల్లని వాద్యమని, నలుగురిలో దానిని వినుటకు నలుగురును ఊరకుండవలెనని నాకు తెలియనేలేదు. రేడియోలో కూర్చుండి రేడియోమీద నేరము చెప్పుచున్నానని నిర్వాహకులు కోపగింపకుందురుగాక!

నేను లోనికి పోవునప్పటికి పదునలుగురు మిగిలియుండిరి. చాప ముందువరుసను ఖాళీగ నుండగా అందు కూర్చుంటిని. కచేరీ ముగిసినపిమ్మట ఆమెకడకు పోయి, "అమ్మా, జనము లేచుటకు నేను కారణమైతిని, క్షమింపవలెను" అంటిని. ఆమె వీణకు గుడ్డ చుట్టుచు, "మీరు మరల వచ్చుట చూచితిని లెండి" అనెను. మఱేమియు అనలేదు.

నాలుగుదినముల పిమ్మట ధర్మకర్తలు సమావేశమై వచ్చు సంవత్సరము వీణ మానివేయుదమనిరి. నేను వలదంటిని. వారిలో పెద్దవారొకరు, "పంతులుగారూ, మొదట లేచినది మీరే గదా!" అనిరి. దానికి నాయొద్ద జవాబు లేదు. జరిగినది జరిగినట్లు చెప్పితిని. చాలసేపు వాదము నడచెను. తుదకు వీణను మొదటి రాత్రికిని, నాదస్వరమును రెండవ రాత్రికిని మార్చిరి. వీణకచేరీ మండపములో కాక గుడిలోని చిన్న ముఖమండపములో, మైకు లేకుండ నడపుటకు నిశ్చయించిరి. నాకు ముందువరుసలో గోడప్రక్కను, గుమ్మమునకు దూరముగ చోటు నిర్ణయించిరి.