బహుకార్య నిర్వహణ

ఒకే సమయంలో ఒకటికి మించిన పనులను చేపట్టుటను బహుకార్య నిర్వహణ లేదా మల్టీటాస్కింగ్ అంటారు. ఈ మాట 1960లలో కంప్యూటర్ రంగంలో పుట్టింది. ఒకే ప్రాసెసరు గల యంత్రము ఒక్క క్షణాన రెండు ప్రోగ్రాములను నడపదు. ఒకదాని నుండి మరొకదానికి అతివేగంగా మారుతూ ఉంటుంది. మనిషి చేయునది కూడా దాదాపు ఇదే. అయితే మారిన ప్రతిసారీ మనిషి కొంత నష్టపోతాడు.

మారుటలో గల నష్టం

నడుస్తూ మాట్లాడుట వంటి అలవాటైన పనులలో ఇబ్బంది అంతగా కనబడదు. రెండు పనులూ ఆలోచనను కోరునప్పుడే చిక్కు. అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ జెర్సిల్డ్ 1927లోనే దీనిని పరిశీలించాడు. మారవలసిన సమయం ముందే తెలిసి, సిద్ధపడుటకు వ్యవధి ఉన్నా కొంత ఆలస్యం మిగిలే ఉంటుందని 1995లో రోజర్స్, మాన్సెల్ చూపారు.

పాఠకులు దీనిని స్వయంగా పరీక్షించుకోవచ్చు. 1 నుండి 10 వరకు అంకెలను, ఆపై అ నుండి పది అక్షరాలను వరుసగా వ్రాసి పట్టిన కాలం చూడండి. తరువాత 1, అ, 2, ఆ అని మార్చిమార్చి వ్రాయండి. వ్రాసినవి అవే ఇరవై, కాలం మాత్రం పెరుగుతుంది, తప్పులూ దొర్లుతాయి. పిల్లలకు చెప్పుటకు ఇంతకంటే తేలికైన నిదర్శనం లేదు.

ఒక పనిని సగంలో విడిచి వేరొక పనికి వెళ్ళినపుడు దృష్టిలో కొంత భాగం పాత పనినే అంటిపెట్టుకొని ఉంటుందని సోఫీ లెరోయ్ 2009లో వివరించింది.

వాహనం నడుపుతూ ఫోను

ఈ నష్టం ప్రాణాంతకమయ్యేది రహదారిపైన. 2001లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్ట్రేయర్, జాన్‌స్టన్ జరిపిన ప్రయోగంలో, ఫోనులో మాట్లాడుతున్నవారు సంకేతాలను ఎక్కువగా గమనించలేదు, గమనించినా ఆలస్యంగా స్పందించారు. ఫోను చేతిలో ఉన్నా, చేతితో పట్టుకోకపోయినా ఫలితం ఒక్కటే. అనగా లోపం చేతిది కాదు, మనసుది. భారతదేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం, చేతిలో ఫోను పట్టుకొని వాహనం నడుపుటను ప్రమాదకర చోదనముగా స్పష్టంగా పేర్కొన్నది. చెవికి తగిలించుకొని మాట్లాడితే భయం లేదనుకొనుట పొరపాటు.

అవధానంతో పోలిక

అష్టావధానమును బహుకార్య నిర్వహణకు ఉదాహరణగా చూపుట పరిపాటి. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఈ ప్రక్రియ పేరులోని 'అవధానం' అను పదానికి ఏకాగ్రత అని అర్థం. అవధాని ఎనిమిది పనులను కలిపి చేయడు. సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాలలో పృచ్ఛకుల వద్ద వరుసగా ఒక్కొక్క పాదం చెబుతూ, నాలుగు ఆవృత్తులలో పద్యాలను పూర్తిచేస్తాడు. ఒకరికి పాదం చెబుతున్నంతసేపు దృష్టి అంతా అక్కడే. ఈ మార్పిడి ఎంత కష్టమో మనవారు ఎరుగుదురు కనుకనే అప్రస్తుత ప్రసంగమును కూడా ఒక అంశంగా చేర్చారు. సంబంధం లేని ప్రశ్నలతో అవధాని ధ్యాసను చెదరగొట్టుటే ఆ పృచ్ఛకుని పని. చివర అన్ని పద్యాలను తిరిగి అప్పగించుటను ధారణ అంటారు. ఇది సంవత్సరాల సాధనతో వచ్చునది. టీవీ చూస్తూ పాఠం చదువుటతో దీనికి పోలిక లేదు.