గడువు లేని ఒప్పందం

ఫ్యూచర్స్ ఒప్పందానికి గడువు తేదీ ఉంటుంది. అది దగ్గరపడేకొద్దీ ఒప్పందం ధర, అసలు సరుకు ధర కలిసిపోతాయి. గడువే తీసేస్తే ఆ రెంటినీ కట్టి ఉంచేదేమిటి? 1990ల మొదట్లో యేల్ ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ దీనికి ఒక దారి చూపాడు: ఇరుపక్షాల మధ్య క్రమం తప్పకుండా కొంత సొమ్ము చేతులు మారుతూ ఉండాలి. ఆయన ఆలోచించింది ఇళ్ల గురించి, మనుషుల సంపాదన గురించి. ఆ ఊహ పెద్దయెత్తున ప్రాణం పోసుకున్నది మాత్రం బిట్‌కాయిన్ బజారులో, 2016 మేలో, బిట్‌మెక్స్ ఎక్స్ఛేంజ్ పెట్టిన పర్పెచువల్ (గడువు లేని) ఒప్పందంతో.

దాని గుండెకాయ ఫండింగ్ రేటు. పర్పెచువల్ ధర స్పాట్ ధరను, అంటే అసలు సరుకు ధరను, మించిపోతే లాంగ్ పట్టినవాళ్లు (ధర పెరిగితే లాభపడేవాళ్లు) షార్ట్ వాళ్లకు (ధర పడితే లాభపడేవాళ్లకు) కట్టాలి. తగ్గితే షార్ట్ వాళ్లు లాంగ్ వాళ్లకు కట్టాలి. చాలాచోట్ల ఎనిమిది గంటలకోసారి ఈ లెక్క తేలుతుంది. బైనాన్స్‌లో బిట్‌కాయిన్‌కు మన గడియారంలో ఉదయం 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. మామూలు రోజుల్లో రేటు 0.01 శాతం దగ్గర ఉంటుంది. లక్ష డాలర్ల పొజిషన్‌కు విడతకు పది డాలర్లు. అదే 0.1 శాతానికి ఎగబాకితే రోజుకు మూడు వందలు. పది రెట్ల లెవరేజ్‌తో, అంటే అరువు బలంతో, ఆడేవాడి సొంత సొమ్ము పదివేలే కాబట్టి, రోజుకు మూడు శాతం కరిగిపోతుంది. అయినా పొజిషన్ వదలడం లేదంటే ధర పెరుగుతుందని ఎంత గట్టిగా నమ్ముతున్నాడో చూడండి. ధరను అదుపులో పెట్టడానికి పుట్టిన మీట ఇలా గుంపు నాడిని చెప్పే సాధనమైంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

నాడి చూడటంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ‘లాంగ్‌లు ఎక్కువయ్యాయి’ అంటారు. కానీ ప్రతి లాంగ్‌కూ ఎదురుగా అంతే షార్ట్ ఉండితీరాలి. సొమ్ములో రెండూ ఎప్పుడూ సమానమే. లాంగ్-షార్ట్ నిష్పత్తుల్లో బాగా కనిపించేది ఖాతాల లెక్క, అంటే తలల లెక్క. వెయ్యిమంది చిన్నవాళ్లకు ఎదురుగా ఒక్క పెద్ద ఖాతా నిలబడి ఉండొచ్చు. అందుకే ఫండింగ్ పక్కనే ఓపెన్ ఇంటరెస్ట్ (ఇంకా మూయని ఒప్పందాల మొత్తం) చూడాలి. ధర, ఓపెన్ ఇంటరెస్ట్, ఫండింగ్ మూడూ కలిసి పెరిగితే అరువు బలంతో కొత్త లాంగ్‌లు వస్తున్నారని అర్థం. ధర పెరుగుతూ ఓపెన్ ఇంటరెస్ట్ తగ్గుతుంటే పాత షార్ట్‌లు నష్టానికి తిరిగి కొని బయటపడుతున్నారన్నమాట.

షార్ట్ పట్టినవాళ్లందరూ ధర పడుతుందని నమ్మేవాళ్లు కారు. స్పాట్‌లో నాణెం కొని, అంతే మొత్తానికి పర్పెచువల్‌లో షార్ట్ పెట్టి, ఫండింగ్ రాబడి తీసుకునేవాళ్లు చాలామంది. ధర ఎటు పోయినా వాళ్లకు ఒకటే. వాళ్ల పొజిషన్‌లో ఏ అభిప్రాయమూ లేదు. ఎదుటి లాంగ్‌ల ఆత్రం మాత్రమే ఉంది.

ఆ నిశ్చింతా ఎప్పుడూ నిలవదు. 2025 అక్టోబర్ 10న, చైనా సరుకుపై అదనంగా వంద శాతం సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించాక, ఒక్కరోజులో సుమారు 1,900 కోట్ల డాలర్ల పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి (బలవంతంగా మూతపడ్డాయి). చాలావరకు లాంగ్‌లే. దివాలా తీసిన ఖాతాల నష్టం పూడ్చడానికి కొన్ని ఎక్స్ఛేంజ్‌లు లాభంలో ఉన్న షార్ట్‌లను కూడా బలవంతంగా మూసేశాయి. అలా షార్ట్ పోయినవాళ్లలో స్పాట్ నాణేలకు రక్షణగా దాన్ని పెట్టుకున్నవాళ్ల చేతిలో, పడిపోతున్న నాణేలే మిగిలాయి.