స్టిక్ పట్టిన చేతికి చెక్ ఎవరిస్తారు?

మన ఫిల్మ్‌నగర్‌కి ఆటలంటే మొదట్నుంచీ మోజే. ‘ఒక్కడు’లో కబడ్డీ చూశాం, ‘సై’లో రగ్బీ, ‘జెర్సీ’లో క్రికెట్. హాకీ వంతు రావడానికి మాత్రం 2021 దాకా ఆగాల్సి వచ్చింది. సందీప్ కిషన్ హీరోగా ‘ఏ1 ఎక్స్‌ప్రెస్’ అప్పుడొచ్చింది, అదీ ‘నట్పే తునై’ అనే తమిళ సినిమాకి రీమేక్. తెరమీద హీరో గోల్ కొడతాడు, గ్రౌండ్‌ని కాపాడుకుంటాడు. మరి కాలేజీ టీమ్‌లో ఫార్వర్డ్‌గా ఆడుతున్న మీరు గోల్ కొడితే? చప్పట్లు సరే, జీతం ఎక్కణ్నుంచి వస్తుంది? డిగ్రీ ఫైనలియర్‌లో ఇంట్లోవాళ్లు అడిగేది ఇదే. తప్పేం లేదు, అడగాల్సిన ప్రశ్నే.

ముందు పని గురించి చూద్దాం. హాకీ మ్యాచ్ అంటే 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. ఎవర్నైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు కాబట్టి ఫార్వర్డ్‌ని మ్యాచ్ మొత్తం గ్రౌండ్‌లో ఉంచరు. కొద్ది నిమిషాలు పంపిస్తారు, ఒంట్లో ఉన్న శక్తంతా అక్కడ పెట్టేసి బెంచీ మీదకి రావాలి, ఊపిరి తిరిగాక మళ్లీ లోపలికి. మంచు మీద ఆడే ఐస్ హాకీలో అయితే మరీ ఘోరం, ఒక్కో విడత నిమిషం కూడా ఉండదు. గోల్ కొట్టడం ఈ ఉద్యోగంలో ఒక భాగమే. బంతి మన దగ్గర లేనప్పుడు అవతలి డిఫెండర్‌ని వెంటాడి తప్పు చేయించడం, ‘డి’లోకి దూరి పెనాల్టీ కార్నర్ సంపాదించడం, ఇవన్నీ ఫార్వర్డ్ పనులే. టీవీలో పెద్దగా కనపడవు గానీ సెలక్టర్ చూసేవి ఇవే.

ఇంత పరుగు ఎన్నాళ్లు సాగుతుంది? హైదరాబాద్ నుంచి వచ్చిన ఫార్వర్డ్ ఎన్.ముకేశ్ కుమార్‌నే చూడండి. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ... మూడు ఒలింపిక్స్ ఆడారు. 32 ఏళ్ల విరామం తర్వాత మన పురుషుల జట్టు ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన 1998 టీమ్‌లోనూ ఉన్నారు. అర్జున, పద్మశ్రీ వచ్చాయి. అంతటి ఆటగాడికి తొలి ఒలింపిక్స్‌కీ చివరి ఒలింపిక్స్‌కీ మధ్య ఉన్నది ఎనిమిదేళ్లే. అమ్మాయిల్లో నిజామాబాద్‌కి చెందిన యెండల సౌందర్య ఫార్వర్డ్‌గా భారత జట్టుకి ఆడింది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన గోల్‌కీపర్ రజని రియో, టోక్యో రెండూ చూసింది. దారి ఉంది. కానీ పొడుగాటి దారి కాదు.

ఇక డబ్బు. అమెరికా, కెనడాల్లో సాగే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2025-26 సీజన్‌కి కనీస జీతమే 7,75,000 డాలర్లు. జట్టులో చివరివాడికీ అంతకు తగ్గదు. మన దగ్గర హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై, 2017 తర్వాత ఆగిపోయి, ఏడేళ్లకి మళ్లీ వచ్చింది. 2024 అక్టోబర్ వేలంలో హర్మన్‌ప్రీత్‌కి 78 లక్షలు, ఫార్వర్డ్ అభిషేక్‌కి 72 లక్షలు పలికాయి. పేపర్లలో పడ్డది ఈ అంకెలే. కనీస ధర రెండు లక్షలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు! ఆ సీజన్‌లో పురుషుల జట్లు ఎనిమిది, ఒక్కో జట్టులో కనీసం 16 మంది భారతీయులు. అంటే దేశం మొత్తానికి ఉన్న ఖాళీలు 128. అదీ ఏడాదిలో కొద్ది వారాల పని.

ఫిల్మ్‌నగర్ పక్కనే ఉన్న కృష్ణానగర్ లెక్క మీకు తెలిసిందే కదా? పోస్టర్ మీద ఉండేది ఒక్కడు, కాల్ కోసం ఎదురుచూసేవాళ్లు బోలెడుమంది. వేలం కూడా అచ్చం అంతే.

ఇందులో మనకి ఇంకో మెలిక ఉంది. లీగ్‌లో ‘హైదరాబాద్ తూఫాన్స్’ అని మన ఊరి పేరుతో జట్టుంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది. కానీ ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, అంతా రూర్కెలా, రాంచీల్లోనే. గచ్చిబౌలిలో టర్ఫ్ ఉన్న ఊరికి ఇది కొంచెం చివుక్కుమనే విషయమే.

అయితే దేశంలో ఇంతమంది హాకీ ఎలా ఆడుతున్నారు? నెలనెలా జీతమిచ్చేది లీగ్ కాదు, ఉద్యోగం. రైల్వే, పోలీస్, సర్వీసెస్, ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగాళ్లని తీసుకుని తమ జట్లకి ఆడించుకుంటాయి. మీరు గురిపెట్టాల్సిన గోల్‌పోస్ట్ అక్కడుంది.

రైల్వే స్పోర్ట్స్ కోటానే తీసుకోండి. రాత పరీక్ష ఉండదు. వంద మార్కుల్లో 50 మీరు ఆడిన టోర్నీలకి, 40 ట్రయల్స్‌లో చూపించే ఆటకీ ఫిట్‌నెస్‌కీ, మిగతా 10 చదువుకి. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే మిగతావి ఎన్ని ఉన్నా ఇంటికే. వయసు 18 నుంచి 25 లోపు ఉండాలి, సడలింపు లేదు. ఇంకో తిరకాసు, పాత ఘనతలు లెక్కలోకి రావు. ఏ తేదీ తర్వాత ఆడిన టోర్నీలు తీసుకుంటారో నోటిఫికేషన్‌లోనే ఇస్తారు. కాబట్టి ‘ముందు రెండేళ్లు కోచింగ్ తీసుకుంటా, తర్వాత స్పోర్ట్స్ కోటా చూసుకుంటా’ అనే ప్లాన్ వద్దే వద్దు. ఆ రెండేళ్లలో స్టిక్ పక్కన పెడితే ఈ తలుపు మూసుకుపోతుంది.

డిగ్రీ ఎందుకులే అనుకునేవాళ్లకి ఒక మాట. పది పాసైతే లెవెల్-1, ఇంటర్ అయితే లెవెల్-2, 3 పోస్టులు. లెవెల్-4, 5 కావాలంటే డిగ్రీ ఉండాల్సిందే. క్రికెటర్ సిరాజ్‌కి తెలంగాణ ప్రభుత్వం 2024లో జూబ్లీహిల్స్‌లో 600 గజాల స్థలం ఇచ్చింది, డీఎస్పీ ఉద్యోగమూ ఇచ్చింది. ఆయన చదివింది ఇంటర్. గ్రూప్-1 స్థాయి పోస్టుకి డిగ్రీ కావాలి కాబట్టి ప్రత్యేకంగా మినహాయించారు. ప్రపంచకప్ గెలిచినవాడికి ఇచ్చిన మినహాయింపు అది. అంతర్ విశ్వవిద్యాలయ టోర్నీ ఆడిన మనకి ఎవరిస్తారు చెప్పండి?

రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లోనూ క్రీడాకారులకి వాటా ఉంది. తెలంగాణలో 2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్యే 3కి పెంచారు. స్టిక్ వదలాల్సిన రోజు వచ్చాక కోచ్‌గా మారాలంటే పటియాలా ఎన్‌ఐఎస్‌లో డిప్లొమా చేయొచ్చు. ఏడాది కుదరనివాళ్లకి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. ఫిల్మ్‌నగర్‌లో మళ్లీ ఎవరైనా హాకీ కథ రాసుకుంటే, హీరోకి స్టిక్ పట్టడం నేర్పడానికి మీకు ఫోన్ రావచ్చు. కానీ దాన్ని నమ్ముకుని అద్దె ఇంటికి అడ్వాన్స్ ఇవ్వకండి!

ఈ నెలలోనే చేయాల్సిన పని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి కప్పులు, పేపర్ కటింగులు చెల్లవు, నిర్ణీత ఫారం కావాలి. దేశానికి ఆడితే ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం-2, యూనివర్సిటీకి ఆడితే ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం-4. మీలో ఎక్కువమందికి పనికొచ్చేది మూడోది. దానిమీద యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే డైరెక్టరో డీనో సంతకం పెట్టాలి. టీసీ తీసుకుని ఊరెళ్లిపోయాక ఆ సంతకం కోసం మళ్లీ బస్సెక్కి రావడం కంటే, ఫైనల్ పరీక్షలకి ముందే వెళ్లి పెట్టించుకోండి.