పొలమారని నూనె

చంటిబిడ్డకు నీళ్లు పోశాక ముక్కులో రెండు చుక్కల నూనె వేయడం, ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టడం గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాత అలవాటే. బిడ్డకు పొలమారలేదు కాబట్టి నూనె కడుపులోకే పోయిందని పెద్దవాళ్ల ధీమా. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది. నీళ్లు దారితప్పితే బిడ్డ ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంది. నూనెకు చాలాసార్లు ఆ దగ్గే రాదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది.

3 కిలోల బిడ్డ ఒక ఊపిరికి పీల్చే గాలి సుమారు 20 మిల్లీలీటర్లు. చిన్న చెంచాడు నూనె 5 మిల్లీలీటర్లు. ఏడుస్తున్న బిడ్డను పడుకోబెట్టి, ముక్కు మూసి పోస్తే అందులో ఎంత ఎటు పోయిందో పోసినవాళ్లకూ తెలియదు.

1925లోనే లాఫ్లెన్ అనే వైద్యుడు ముక్కులో వేసే నూనె మందులు ఊపిరితిత్తుల్లోకి చేరడం వల్ల వచ్చే న్యుమోనియాను వివరించాడు. దక్షిణ భారత పసిపిల్లల్లో ఇది కనిపిస్తోందని 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అయినా అలవాటు పోలేదు.

ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు నూనెను మింగుతాయి గానీ అరిగించుకోలేక చస్తాయి. నూనె మళ్లీ బయటపడుతుంది, వాపు కొనసాగుతుంది. యాంటీబయాటిక్స్ మార్చినా ఎక్స్‌రేలో మచ్చ పోదు. కొందరిని క్షయ అని అనుమానిస్తారు. సీటీ స్కాన్‌లో నీటి సాంద్రత 0 అయితే, మచ్చలో కొవ్వు ఉన్నచోట మైనస్ 30 నుంచి మైనస్ 150 మధ్య చూపిస్తుంది. జబ్బు బయటపడేది తరచు అక్కడే.

చికిత్సలో మొదటి మందు నూనె మానేయడం. అవసరమైతే ఆక్సిజన్, బ్యాక్టీరియా కూడా చేరితేనే యాంటీబయాటిక్స్. స్టెరాయిడ్లపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. జబ్బు ముదిరితే మత్తిచ్చి సెలైన్‌తో ఊపిరితిత్తులు కడుగుతారు. అది పెద్దాసుపత్రి పని.

పిల్లలు పొరపాటున తాగే కిరసనాయిలు తీరు వేరు. పలచన కాబట్టి 1 మిల్లీలీటరు కన్నా తక్కువ లోపలికి పోయినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇక్కడ దగ్గు వెంటనే వస్తుంది. మొదటి ఎక్స్‌రే బాగున్నా 6 నుంచి 8 గంటలు ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, కక్కినప్పుడే మరింత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పత్తికీ మిరపకీ కొట్టే మందుల్లో ‘ఈసీ’ అని రాసి ఉన్నవాటిలో చాలావరకు ఇలాంటి ద్రావకమే కలిపి ఉంటుంది, పైగా మందు విషం వేరే. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? తాగితే డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బిడ్డ డొక్కలెగరేస్తుంటే పడుకున్నప్పుడు నిమిషానికి ఊపిరులు లెక్కపెట్టండి. 2 నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించితే వెంటనే ఆసుపత్రికి, లేదా 108కి. విషాల సమాచారానికి ఢిల్లీ ఎయిమ్స్ ఉచిత నంబరు 1800 116 117. డాక్టరు అడక్కపోయినా, నూనె పట్టిన సంగతి మీరే ముందుగా చెప్పండి.