హమ్మస్ అంటే ఉత్త శనగల ముద్దేనా? మయోనైజ్ మానేసిన వాళ్లు ఇది ఓసారి చదవండి

షవర్మా తినే అలవాటున్న వాళ్లకు 2024 అక్టోబర్ 30 గుర్తుండే ఉంటుంది. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌పై తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధం విధించింది ఆ రోజే. అంతకుముందే హైదరాబాద్‌లో మోమోలు తిన్న తర్వాత ఓ మహిళ చనిపోయింది, పలువురు ఆస్పత్రి పాలయ్యారు. కేరళ 2023 జనవరిలోనే ఈ పని చేసింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చేసింది.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న. మయోనైజ్ లేకపోతే మరి దేంతో తినాలి? చాలామంది చెప్పే పేరు హమ్మస్. గుడ్డు లేదు, శనగలే కదా, ఏం కాదులే అనుకుంటారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం సంగతి చివర్లో చూద్దాం. ముందు అసలు ఇదేంటో, ఇంట్లో ఎలా చేసుకోవాలో తెలుసుకుందాం.

పేరులోనే శనగలు

అరబ్బీలో హమ్మస్ అంటే శనగలే. మనం తినే ముద్ద పూర్తి పేరు 'హమ్మస్ బి తహీనా'. అంటే నువ్వుల పేస్ట్ కలిపిన శనగలు. సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్ట్.. అందరూ మాదే అంటారు. 13వ శతాబ్దపు అరబ్బీ వంట పుస్తకాల్లోనే మెదిపిన శనగల వంటకాలు ఉన్నాయి. కాకపోతే అప్పట్లో పులుపు కోసం వెనిగర్ వాడేవాళ్లు, మసాలాలు దట్టించేవాళ్లు. ఈ 'మాదే' గొడవ గిన్నిస్ రికార్డు దాకా వెళ్లింది. 2010 జనవరిలో ఇజ్రాయెల్‌లో 4 టన్నులకు పైగా చేశారు. అదే ఏడాది మే నెలలో లెబనాన్ 10,452 కిలోలు చేసి రికార్డు లాగేసుకుంది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. లెబనాన్ విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు!

మన దగ్గర కూడా ఇది నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. ఖుబూస్, హమ్మస్ వాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్ బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు ఇప్పటికీ ఉన్నారు. మండి తినడానికి జనం అక్కడికి వెళ్లేది అందుకే. ఇప్పుడు మేడ్చల్ హైవే మీద కూడా మండి బోర్డులు కనిపిస్తున్నాయి కాబట్టి, మా అత్వెల్లి నుంచి పాతబస్తీ దాకా పోనక్కర్లేదు.

సరుకులన్నీ కిరాణా కొట్లోనే

కావాల్సింది తెల్ల శనగలు. అవే, చోలేలోకి వాడే కాబూలీ శనగలు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దశాబ్దాలుగా శనగ మీద కూడా పరిశోధన చేస్తోంది. ప్రకాశం జిల్లా రైతులు కాబూలీ శనగలు బాగా పండిస్తారు. నువ్వులకైతే జగిత్యాల ఉండనే ఉంది. అక్కడి పరిశోధన కేంద్రం నుంచి 'శ్వేత తిల్' అనే తెల్ల నువ్వుల రకమే వచ్చింది. సూపర్ మార్కెట్‌లో తహినీ సీసా ధర చూసి వెనక్కి పెట్టేసే వాళ్లకు ఈ మాట చెప్పాలి. తహినీ అంటే సకినాల్లో వేసే నువ్వుల పేస్టే.

ఒక కప్పు, అంటే సుమారు 200 గ్రాముల శనగలు రాత్రంతా నానబెట్టండి. ఉడికితే రెండు రెట్లకు పైనే అవుతాయి. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పావు చెంచా వంట సోడా వేసి కుక్కర్‌లో పెట్టండి. ఎన్ని విజిల్స్ అని అడగొద్దు. శనగలు పాతవైతే ఎక్కువ పడతాయి. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే వెన్నలా నలగాలి, అదే లెక్క. కూరకు ఉడికినంత ఉడికితే సరిపోదు. హమ్మస్ గరుకుగా వచ్చిందని బాధపడే వాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ మొదటిసారి ఇలాగే చేశాను. ఇంట్లో వాళ్లు దాన్ని మసాలా వడల పిండి అనుకున్నారు.

అర కప్పు తెల్ల నువ్వులను సన్నని సెగ మీద వేయించాలి. రంగు మారకముందే దింపేయండి, మాడితే చేదు వస్తుంది. చల్లారాక రెండు మూడు చెంచాల నూనెతో జారుగా రుబ్బుకోవాలి. రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, నిమ్మరసంలో పది నిమిషాలు వదిలేయండి. పచ్చి వెల్లుల్లి ఘాటు పుట్టించే ఎంజైమ్‌ను నిమ్మ పులుపు అణిచేస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. నువ్వుల పేస్ట్‌లో ఈ నిమ్మరసం, ఉప్పు వేసి, ఐస్ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. మొదట గడ్డకట్టినట్టు అవుతుంది. భయపడొద్దు, ఇంకొంచెం నీళ్లు పడితే తెల్లగా, మెత్తగా పొంగుతుంది. ఆ తర్వాతే శనగలు వేయాలి, అవి కూడా గోరువెచ్చగా ఉన్నప్పుడే. మన మిక్సీలు త్వరగా వేడెక్కుతాయి కాబట్టి ఆపి ఆపి తిప్పండి. చల్లారితే గట్టిపడుతుంది, అందుకే కాస్త పలుచగా ఉండగానే ఆపేయాలి.

నువ్వులకు బదులు పల్లీలు వేయొచ్చా? వేయొచ్చు, రుచిగానే ఉంటుంది. కానీ అప్పుడది హమ్మస్ కాదు, శనగల పచ్చడి.

ఎలా తింటారు?

అక్కడ ఇది పక్కన పెట్టే సాస్ కాదు, పొద్దున్నే తినే టిఫిన్. వెడల్పాటి పళ్లెంలో పరిచి, గరిటె వెనుక వైపుతో గుంత చేసి, అందులో ఆలివ్ నూనె పోస్తారు. రొట్టె తుంపి దాంతోనే అద్దుకుని తింటారు. పక్కన పచ్చి ఉల్లిపాయ, ఊరబెట్టిన కూరగాయలు. శనగలను మెత్తగా రుబ్బకుండా వేడివేడిగా తహినీలో కలిపితే 'ముసబ్బహా'. రొట్టె ముక్కల మీద శనగలు, పెరుగు వేస్తే 'ఫత్తె'. మాంసం వేయించి పైన వేసేదీ ఉంది, మటన్ ఖీమా ప్రియులకు అదే నచ్చుతుంది.

మనకైతే జొన్న రొట్టెతో అదిరిపోతుంది. చపాతీ, కీరా, క్యారెట్ సరే. ఆలివ్ నూనె లేకపోతే గానుగ నువ్వుల నూనె కొంచెం వేడిచేసి, జీలకర్ర, కారం వేసి పైన పోయండి. అన్నంలో కలుపుకుంటే మాత్రం కంది పచ్చడి ముందు నిలవదు. నా వరకు నాది అదే మాట.

ఇంకో విషయం. షవర్మాలోకి మయోనైజ్ అసలు సంప్రదాయమే కాదు. లెబనాన్‌లో చికెన్ షవర్మాకు 'తూమ్' వేస్తారు. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పుతో చేస్తారు, గుడ్డు ఉండదు.

మరి సేఫేనా?

మిగతా సగం సంగతి ఇదే. పచ్చి గుడ్డు లేదు కాబట్టి ఆ ముప్పు తప్పింది. అలాగని బయట పెడితే పాడవ్వదని కాదు. ఉడికిన శనగలు, నీళ్లు.. బ్యాక్టీరియాకు ఇంతకంటే ఏం కావాలి? అందులో పడే నిమ్మరసం దాన్ని ఆపడానికి చాలదు. నువ్వుల్లోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు. ఆ కారణంతో పలు దేశాల్లో తహినీ సీసాలు మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఇంట్లో నువ్వులు తప్పకుండా వేయించుకోవాలి.

బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటితే గంటే. మన ఏప్రిల్, మే నెలల్లో అది ఏ పూటో మీకే తెలుసు. బండి మీద మూత లేని గిన్నెలో సాయంత్రం నుంచి ఉన్న హమ్మస్ అయితే వద్దనడమే మంచిది. పార్శిల్ తెచ్చుకుంటే రాత్రికి దాచుకోకండి.

నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ల మీద నువ్వుల పేరు తప్పనిసరిగా రాయాల్సిందే. అక్కడున్న మనవాళ్లు డబ్బా కొనేముందు లేబుల్ చూసుకుంటే చాలు. ఇక్కడ హోటల్లో అయితే నోరు తెరిచి అడగాలి.

ఇంట్లో చేసింది మూత ఉన్న డబ్బాలో, పైన కొంచెం నూనె పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది. తడి చెంచా పెట్టొద్దు. ఎక్కువ చేశామనుకుంటే ఉడికించిన శనగలనే చిన్న చిన్న ప్యాకెట్లుగా ఫ్రీజర్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడు వేడిచేసి అప్పటికప్పుడు రుబ్బుకోవచ్చు.